ఆఖర్న తినేవాళ్లు అడిగిన ప్రశ్న

‘ఉపన్యాసం’ అన్న మాట చెవిన పడగానే మనలో చాలామందికి ఆవులింత వస్తుంది. అందులోనూ వైద్య పరిశోధన మీద ఉపన్యాసం అంటే ఇక చెప్పక్కర్లేదు. తెర మీద గీతలు, అంకెలు, నోరు తిరగని పేర్లు, ముందు వరసలో కోటు వేసుకున్న పెద్దమనుషులు... ‘మనకెందుకొచ్చిన గొడవ, ఆ రెండు గంటలూ ఇంట్లో ఉంటే రేపటి ఇడ్లీకి పిండైనా రుబ్బుకోవచ్చు’ అనిపించడం సహజమే.

కానీ ఆ తెర మీద గీసిన గీత మన ఒంట్లో రక్తం గురించే అయితే? ఆ అంకె మనింటి కోడలిదో, కూతురిదో అయితే? అప్పుడు కూడా ఆ కుర్చీల్లో మనం తప్ప అందరూ కూర్చుంటే ఏం బాగుంటుంది చెప్పండి!

మాది హైదరాబాద్‌లోని హబ్సిగూడ. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో రోజూ తిరిగేవాళ్లకి ఆ చుట్టుపక్కల ఎన్ని పరిశోధన సంస్థలున్నాయో తెలుసు. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే. అందరూ ‘ఎన్.ఐ.ఎన్.’ అంటారు. కాస్త ముందుకొస్తే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. పెద్ద గోడలు, పెద్ద చెట్లు, గేటు దగ్గర కాపలా. ఏళ్ల తరబడి ఆ గోడల పక్కనుంచే కూరగాయల సంచులు మోసుకెళ్లే మనకి లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే వీలు లేదా అంటే... ఉంది. 1982 నుంచి ఏటా సెప్టెంబరు 1 నుంచి 7 దాకా పోషకాహార వారోత్సవాలు జరుగుతాయి. 1987 నుంచి ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం. సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ స్థాపక దినం కాబట్టి ఆ రోజుల్లో సీసీఎంబీ లాంటి చోట్ల మామూలు జనాన్ని కూడా లోపలికి రానిస్తారు. బొమ్మలు చూపిస్తారు, ఉపన్యాసాలు చెప్పిస్తారు. టిక్కెట్టు లేదు, పెద్ద డిగ్రీలూ అక్కర్లేదు.

వారోత్సవాల్లో ఒక మధ్యాహ్నం మా వీధి నుంచి ఐదుగురం బయల్దేరాం. అందులో మా పక్కింటి పిన్నిగారు రావడానికి ఓ కారణముంది. ఆవిడ కోడలికి అప్పుడు ఐదో నెల. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 ఉంది. చూపించుకున్న ఆస్పత్రిలో (పేరెందుకు గానీ, పెద్ద ఆస్పత్రే) రెండు నిమిషాల్లో మాత్రలు రాసి, ‘వాడండి’ అని పంపేశారు. ఎందుకు వాడాలో, ఎలా వాడాలో చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఆ అమ్మాయి నాలుగు రోజులు వేసుకుంది. కడుపులో తిప్పింది. విరేచనం నల్లగా అయ్యేసరికి భయపడింది. దానికి తోడు, ‘ఆ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడు’ అని ఊళ్లో పెద్దత్తగారు ఫోన్లో చెప్పింది. ఇంకేముంది, మాత్రల పట్టీ దేవుడి గూట్లో అగరొత్తుల పెట్టె వెనక్కి చేరిపోయింది.

ఆ రోజు ఉపన్యాసం రక్తహీనత మీద అని బోర్డు మీద చూశాకే పిన్నిగారు చెప్పులు తొడుక్కున్నారు.

సగానికి సగం మంది...

మాట్లాడింది ఒక శాస్త్రవేత్త. నేత చీర కట్టుకుని, తెలుగులోనే మాట్లాడారు. మొదట ఒక అంకె చూపించారు. 2019-21 మధ్య దేశమంతా జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అదే వయసు మగవాళ్లలోనో? దేశం మొత్తం మీద నూటికి 25. 

‘మీ వరసలో పదిమంది కూర్చుంటే అందులో ఐదారుగురికి ఉందన్నమాట’ అన్నారావిడ. హాల్లో అందరం పక్కవాళ్ల మొహాలు చూసుకున్నాం. మా వదిన అయితే గబుక్కున తన కింది కనురెప్ప లాగి ‘చూడు, తెల్లగా ఉందా?’ అని నన్నడిగింది.

గర్భం లేని ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణికి 11. ఏడు కన్నా తగ్గితే అది ప్రమాదం. ఆయాసం, నీరసం, మెట్లెక్కితే గుండె దడ... వీటన్నిటినీ మనం ‘వయసు మీద పడింది’, ‘పని ఎక్కువైంది’ అని కొట్టి పారేస్తాం. కాన్పు సమయంలో అంతో ఇంతో రక్తం పోక తప్పదు. ఒంట్లో ఉన్నదే తక్కువైతే, ఆ పోయింది తల్లి ప్రాణం మీదకి తెస్తుంది. తల్లికి తక్కువైతే బిడ్డ బరువూ తగ్గుతుంది.

ఇక తిండి. మాంసంలో ఉండే ఇనుము తేలిగ్గా ఒంటబడుతుంది. తోటకూర, పప్పులు, రాగుల్లో ఉన్నది అంత సులువుగా ఒంటబట్టదు. దానికి విటమిన్ సి తోడు కావాలి. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, ఉసిరి పచ్చడి వేసుకోవడం, భోజనంలో జామపండు ముక్క తినడం... ఇవి రుచి కోసమే కాదన్నమాట. సరే, ఇదంతా మనం చేస్తూనే ఉంటాం. కానీ చేసిందంతా ఒక్క గ్లాసుతో కొట్టేస్తాం. భోజనం చేసీ చెయ్యగానే తాగే టీ, కాఫీ! వాటిలోని టానిన్లు ఆ ఇనుముని పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. అందుకే 2024లో ఈ సంస్థే విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ జోలికి పోవద్దని స్పష్టంగా రాశారు. 

ఇది వినగానే హాల్లో చిన్న గొణుగుడు మొదలైంది. అన్నం తినకుండా ఉండమన్నా ఉంటాం గానీ కాఫీ విషయంలో ఎవరైనా ఏమైనా అంటే మనకి కోపమొస్తుంది కదా.

చీటీల మీద ప్రశ్నలు

ఉపన్యాసం అయ్యాక ‘ప్రశ్నలుంటే అడగండి’ అన్నారు. నిశ్శబ్దం! మైకు పట్టుకోవాలంటే చేతులు వణుకుతాయి, ఎవరేమనుకుంటారో అని బెరుకు. ఆవిడకి ఇది కొత్తేమీ కాదనుకుంటాను, తలా ఒక చీటీ ముక్క పంచి పెట్టించారు. పేరు రాయక్కర్లేదు, తెలుగులోనే రాయండి అన్నారు. పది నిమిషాల్లో బుట్ట నిండింది!

పిన్నిగారు రాసింది నాకు తెలుసు. చేత్తో మూసుకుని రాసినా కనబడింది. ‘ఐరన్ మాత్రలు మింగితే పిల్ల నల్లగా పుడుతుందా?’

శాస్త్రవేత్త ఆ చీటీ చదివి నవ్వలేదు. అదే నాకు నచ్చింది. ‘నల్లబడేది బిడ్డ కాదమ్మా, విరేచనం. ఒంటబట్టగా మిగిలిన ఇనుము బయటికి పోతుంది కాబట్టి ఆ రంగు. బిడ్డ రంగు అమ్మా నాన్నల జన్యువుల నుంచి వస్తుంది, మాత్ర నుంచి కాదు’ అన్నారు. ఆ తర్వాత మాత్ర ఎలా వేసుకోవాలో వివరంగా చెప్పారు. గర్భిణికి ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ పథకం లెక్క ఇది. రక్తం ఇంకా తక్కువున్నవాళ్లకి ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్తారు. పాలతో, టీతో మింగకూడదు. కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు, రెండిటికీ మధ్య గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం నీళ్లతో అయితే మంచిది. పరగడుపున వేసుకుంటే తిప్పేవాళ్లు రాత్రి భోజనమయ్యాక, పడుకోబోయేముందు వేసుకోవచ్చు. తిప్పుతోందని మానేయడం మాత్రం కూడదు, డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి.

పిన్నిగారి ఇంట్లో ఆ అమ్మాయి ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర రెండూ కలిపి పొద్దున్నే పాలతో మింగుతూ వచ్చిందట. ఆస్పత్రిలో ఎవరైనా ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెప్పుంటే ఈ గొడవే లేదు కదా!

ఇలా చీటీలు చదువుతుండగా వెనక వరసలోంచి ఒకామె లేచి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. మైకు అవసరం లేని గొంతు. 

‘మేడమ్, మీరు చూపెట్టిన పళ్లెం మంచిగనే ఉన్నది. పప్పు, కూర, పండు అన్నీ ఉన్నయి. మా ఇంట్ల అందరు తిన్నంక ఆఖర్న తినేది నేను, నా కోడలు. మా దాక వచ్చెవరకు కూర గిన్నెల అడుగే ఉంటది. పచ్చడి మెతుకులేసుకోని లేస్తం. దానికి ఏం మాత్ర ఇస్తరు?’

హాలంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత ఎక్కడో ఒకరు చప్పట్లు కొట్టారు, ఇంకొందరు కలిశారు.

శాస్త్రవేత్త వెంటనే జవాబు చెప్పలేదు. చేతిలో ఉన్న చీటీలు బల్ల మీద పెట్టేశారు. ‘అమ్మా, దానికి నా దగ్గర మాత్ర లేదు. మీరడిగింది నా పట్టికలో లేని ప్రశ్న. కానీ ఆ 57కీ ఆ 25కీ మధ్య తేడా ఎక్కడుందో మీరు చెప్పేశారు. నెలసరి, కాన్పులు ఒక కారణం. మీ గిన్నె అడుగు ఇంకో కారణం’ అన్నారు. ఒకటి మాత్రం చెయ్యమన్నారు. వండగానే, ఎవరికీ వడ్డించకముందే, గర్భిణికి, ఎదిగే ఆడపిల్లకి కూర తీసి వేరే గిన్నెలో మూత పెట్టమన్నారు. ‘మిగిల్తే కాదు, ముందే’ అని రెండుసార్లన్నారు. ‘ఇంకోసారి వచ్చేటప్పుడు మీ ఇంటాయన్ని, మీ కొడుకునీ తీసుకురండి. ఇది వాళ్లు వినాల్సిన ఉపన్యాసం.’

ఆ పెద్దామె, ‘వస్తరా వాళ్లు!’ అని నవ్వి కూర్చుంది.

కూనూరు నుంచి తార్నాకకి

ఆ ఫోలిక్ ఆమ్లం వెనక ఒక కథ ఉంది. ఆ రోజు ఉపన్యాసంలో నన్ను బాగా కట్టిపడేసింది ఇదే, అందుకే కాస్త విడమరచి చెప్తాను.

1928. బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు గర్భంతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతుండేవారు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో ఉన్న మార్గరెట్ బాల్ఫోర్ అనే డాక్టరమ్మ, దీని సంగతి తేల్చడానికి లండన్ నుంచి లూసీ విల్స్ అనే మరో డాక్టరమ్మని పిలిపించింది. అప్పటికి విల్స్‌కి నలభై ఏళ్లు. బొంబాయి హాఫ్కిన్ సంస్థలో చేరి ఆవిడ మొదట రోగమేమిటని కాదు, ‘ఈ ఆడవాళ్లు ఏం తింటున్నారు?’ అని ఆరా తీసింది. కూరా, పండూ, పాలూ సరిగా అందని ఇళ్లలోనే ఈ జబ్బు ఎక్కువని గమనించింది. అలాంటి తిండే ఎలుకలకి, కోతులకి పెట్టి చూసింది. ఏవేవో ప్రయత్నాలయ్యాక, సారా పరిశ్రమలో మిగిలిపోయే ఈస్టు నుంచి తీసిన ‘మార్మైట్’ అనే చవక పదార్థం ఇస్తే కోతి కోలుకుంది. ఆడవాళ్లకి ఇస్తే వాళ్లూ కోలుకున్నారు. 1931లో ఆ వివరాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. అందులో ఉన్న మందు గుణం ఏమిటో అప్పటికి తెలియదు కాబట్టి ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే పిలిచారు. 1941లో అమెరికాలో పాలకూర జాతి ఆకుల నుంచి ఒక పదార్థం తీసి, ఆకుకి లాటిన్ మాటైన ‘ఫోలియం’ మీద దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. విల్స్ వెతికింది ఆ కుటుంబానికి చెందినదే! చూశారా, ఆకు పేరే మాత్రకీ పెట్టారు.

1991లో వచ్చిన మరో పెద్ద పరిశోధన ఈ ఫోలిక్ ఆమ్లానికి ఇంకో గుణముందని తేల్చింది. అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి, మళ్లీ గర్భం దాల్చడానికి ముందు నుంచే దీన్ని ఇస్తే, ఆ లోపం మళ్లీ రావడం నూటికి డెబ్భై రెండు వంతులు తగ్గింది. గర్భం వచ్చిందని తెలిసేసరికి బిడ్డ వెన్నుపాము దాదాపు తయారైపోతుంది. అందుకే పెళ్లయిన అమ్మాయిలు పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుతో ఈ మాట మాట్లాడాలి, మూడో నెలలో కాదు.

ఇంతకీ ఇందులో తార్నాక ఎక్కడుందంటారా? 1929లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా లూసీ విల్స్ తన పనిని నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ సంస్థలో సాగించింది. అక్కడే రాబర్ట్ మెకారిసన్ అనే ఆయన 1918లో ఒకే ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కి తరలి వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. డాక్టర్ వినోదిని రెడ్డి, డాక్టర్ కమలా కృష్ణస్వామి, ఆ తర్వాత డాక్టర్ ఆర్.హేమలత ఆ సంస్థకి డైరెక్టర్లుగా పనిచేశారని వింటే మాకందరికీ భలే సంతోషమేసింది. పిన్నిగారు, ‘అయితే ఇక్కడ మనవాళ్లు ఎప్పట్నించో ఉన్నారన్నమాట’ అన్నారు.

జొన్నరొట్టె సంగతి

ఇక్కడి పరిశోధనలు మన ఊళ్ల పళ్లాల్లోంచే పుట్టాయనడానికి ఇంకో ఉదాహరణ. దక్కను పల్లెల్లో పేదవాళ్లకి ఒకప్పుడు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులూడేది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ పడేది. విరేచనాలు, మతిభ్రమ కూడా. ప్రపంచంలో మిగతా చోట్ల ఇది మొక్కజొన్న తినేవాళ్లకి వచ్చే జబ్బు. మనదగ్గర జొన్న తినేవాళ్లకి ఎందుకొస్తోంది? డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ, అది ఒంట్లో నియాసిన్ అనే విటమిన్ పనికి అడ్డు తగులుతుందని. దీని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు నడిచాయి, అది వేరే సంగతి.

మరి ఇప్పుడు? ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక జొన్నకి మహర్దశ పట్టింది. షుగరు ఉన్న ప్రతి ఇంట్లో రాత్రిపూట జొన్నరొట్టే. చీటీల్లో ఒకరు ‘రోజూ జొన్నరొట్టె తింటే ఆ జబ్బు వస్తుందా?’ అని అడగనే అడిగారు. జవాబు సూటిగా ఉంది. ఆ రోజుల్లో వాళ్లకి పొద్దున జొన్నగటక, రాత్రి జొన్నరొట్టె, నంజుకోవడానికి ఉప్పూ కారం. అంతే. పప్పు, పాలు, ఆకుకూర, అప్పుడప్పుడూ గుడ్డు పక్కనుంటే రొట్టెకి భయపడక్కర్లేదు. జబ్బు జొన్నది కాదు, వేరే ఏమీ లేకపోవడానిది.

సీసీఎంబీలో మేనరికాల మాట

ఇది జరిగిన కొన్నాళ్లకి సీసీఎంబీలో జన్యువుల మీద ఒక ఉపన్యాసానికి వెళ్లాం. ఈసారి ముగ్గురమే. పిన్నిగారికి మోకాళ్ల నొప్పి.

పెళ్లి సంబంధాలు చూసే ప్రతి ఇల్లూ వినాల్సిన విషయమిది. ప్రతి మనిషిలోనూ కొన్ని లోపాలున్న జన్యువులు దాగి ఉంటాయి. ఒక్క వైపు నుంచి వస్తే చాలావాటితో ఏ ఇబ్బందీ ఉండదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ ఒకే లోపం రెండు కాపీలుగా వస్తేనే జబ్బు బయటపడుతుంది. మేనమామకీ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. బావామరదళ్లకి ఎనిమిదో వంతు. అందుకే మేనరికాల్లో ఆ రెండు కాపీలు కలిసే అవకాశం పెరుగుతుంది. 

‘అయితే బిడ్డకి లోపముంటే తప్పు ఎవరిది?’ అని ఒకమ్మాయి అడిగింది. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. ‘ఎవరి తప్పూ కాదు. కానీ లెక్క మాత్రం సగం తండ్రిది, సగం తల్లిది’ అన్నారాయన. ఇలాంటి పిల్లలు పుట్టిన ఇళ్లలో ఎన్నిచోట్ల ‘నీ కడుపే మంచిది కాదు’ అని కోడల్ని కాల్చుకు తింటారో మనకి తెలియంది కాదు. ఆ ఒక్క వాక్యం రాసి వాళ్ల గుమ్మాల మీద అంటించాలనిపించింది నాకు.

బంధుత్వం లేకుండా చేసుకున్నా, తరతరాలుగా ఒకే చిన్న సమూహంలో పెళ్లిళ్లు జరిగితే కూడా కొన్ని లోపాలు పోగుపడతాయట. సీసీఎంబీ వాళ్లు, అమెరికాలోని హార్వర్డ్ వాళ్లు కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాల నుంచి 2,800 మందికి పైగా మనుషుల జన్యువులు పరీక్షించి 2017లో ఆ ఫలితాలు ప్రకటించారు. అందులో మన తెలుగునాట వైశ్యుల ఉదాహరణ ఉంది. వీళ్లలో కొందరికి బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము తక్కువ. మామూలు రోజుల్లో దీనివల్ల ఏ చిక్కూ లేదు, ఉందన్న సంగతే తెలియదు. ఆపరేషన్ చేసేటప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక రకం మందు మాత్రం వాళ్లకి నిమిషాల్లో కాక గంటల దాకా వదలదు. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు, యంత్రం మీద ఉంచాలి. ముందే తెలిస్తే భయమే లేదు, డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, ఊపిరి అందుకోవడం బాగా ఆలస్యమై ఉంటే, ఆ సంగతి మత్తు డాక్టరుకి చెప్పి తీరాలి. సిజేరియన్‌కి వెళ్లే అమ్మాయి అయినా సరే. మొహమాటపడే విషయం కాదిది.

అర్థం కాకపోతే?

అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని మాత్రం చెప్పను. మరో సంస్థలో (పేరు వద్దు) రొమ్ము కాన్సర్ మీద ప్రజా ఉపన్యాసం అని పిలిచారు. గంటన్నర సేపు ఇంగ్లిషే. అది కూడా డాక్టర్లు డాక్టర్లతో మాట్లాడుకునే ఇంగ్లిషు. వెనక కూర్చున్న కాలేజీ అమ్మాయి లేచి ‘సార్, తెలుగులో ఒక్క ముక్క చెప్తారా?’ అంటే సభాధ్యక్షుడు గడియారం చూపించారు. పిలిచింది ప్రజల్నే అయితే ప్రజల భాషలో చెప్పడానికి ఏం అడ్డమొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రొమ్ములో గడ్డ తగిలితే ఆ ప్రజలు దాన్ని ఏ భాషలో తడుముకుంటారు?

అర్థం కాని ఉపన్యాసం గురించి ఒక పాత సంగతి ఉంది. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అనే పేరున్న శాస్త్రవేత్త రసాయనశాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చేవాడు. ఆడవాళ్లు బాగా వచ్చేవారు. వాళ్లలో జేన్ మార్సెట్ ఒకరు, ఒక డాక్టరు భార్య. విన్నది సరిగా బుర్రకెక్కక, ఇంటికొచ్చి తెలిసినవాళ్లతో మాట్లాడి ఒక్కొక్క ముడీ విప్పుకుంది. తనలాంటివాళ్ల కోసం ఒక టీచరమ్మకీ ఇద్దరు ఆడపిల్లలకీ మధ్య సంభాషణలా ఆ సంగతులన్నీ పుస్తకంగా రాసింది. 1806 నాటి ఆ పుస్తకం మీద ఆవిడ పేరు కూడా లేదు. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనిచేసే ఒక కుర్రాడు అది చదివి రసాయనశాస్త్రం మీద మోజు పెంచుకున్నాడు. ఆ కుర్రాడే మైకేల్ ఫారడే. ఇవాళ మనింట్లో మిక్సీ తిరుగుతోందంటే అందులో ఆయన చలవ కూడా ఉంది.

మనం పుస్తకాలు రాయకపోయినా ఫర్వాలేదు. మా వీధిలో మేం చేసేది చెప్తాను. వెళ్లేముందు రోజు సాయంత్రం మా వరండాలో కూర్చుని ఎవరి ప్రశ్నలు వాళ్లు చీటీల మీద రాసుకుంటాం. రాయడం రానివాళ్లవి మా అమ్మాయి రాసిపెడుతుంది. వచ్చాక విన్నదంతా ఒకసారి చెప్పుకుంటాం. రాలేనివాళ్లు అప్పుడే వింటారు. ఆస్పత్రిలో మనకి దొరికేది రెండు నిమిషాలే కాబట్టి, అక్కడ ఏమడగాలో ఇక్కడే తెలిసిపోతుంది. ఉపన్యాసం విని సొంత వైద్యం మొదలుపెట్టకూడదన్నది మాత్రం మా మధ్య గట్టి నియమం.

పిన్నిగారి కోడలు ఆ రాత్రి నుంచే మళ్లీ మాత్ర మొదలుపెట్టింది. భోజనమయ్యాక, నిమ్మకాయ నీళ్లతో. కాల్షియం పొద్దుటికి మారింది. ఎనిమిదో నెలలో హిమోగ్లోబిన్ 10.6. పదకొండు కాలేదని పిన్నిగారు ఇంకా సణుగుతూనే ఉన్నారు గానీ, డాక్టరు ఫర్వాలేదన్నారట. ఆడపిల్ల పుట్టింది. రంగు గురించి ఇప్పుడా ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు.

సెప్టెంబరుకి ప్రశ్నలు అప్పుడే పోగవుతున్నాయి. బజ్జీలు వేయించిన నూనె ఎన్నిసార్లు వాడొచ్చు? నెలసరి ఆగాక ఎముకలకి ఏం తినాలి? థైరాయిడ్ మాత్రకీ టిఫినుకీ ఎంత ఎడం ఉండాలి? తేదీలు, వేళలు ఏటేటా మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. ఈసారి పిన్నిగారి అబ్బాయి, మా వారు, ఎదురింటి మాస్టారు కూడా వస్తామన్నారు. చూడాలి.